అప్పన్నకి కారణం అడిగినవాళ్ళు

మా తమ్ముడి కూతురు సుమితకి మూడో నెల. మీ ఇంట్లో పుట్టుకతోనే బుద్ధి ఎదగనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని డాక్టరమ్మ అడిగిందట. ఉన్నారు, మా చిన్నాన్న, అని చెప్పింది సుమిత. కారణం ఏమిటని ఆవిడ అడిగితే దీని దగ్గర జవాబు లేదు. సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "అత్తా, కాకూ ఎందుకలా అయ్యాడు? నీకు తెలుసు కదా?" సుమితకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు, చిన్నాన్నని మాత్రం బెంగాలీలో కాకూ అనే పిలుస్తుంది. "నాకు చాలా కారణాలు తెలుసే. నీకు ఎన్ని కావాలి?" అన్నాను. అది నవ్వింది. నేను జోకులేస్తానని మా ఇంట్లో ఒక పేరుంది, దానివల్ల నిజం చెప్పినప్పుడు ఎవరూ నమ్మరు.

నిజంగానే నా దగ్గర కారణాల నిల్వ ఉంది. అవన్నీ కలకత్తాలో, ఖిదిర్‌పూర్ డాకుల పక్కన, మా కూలీ లైనులో, నా చిన్నతనంలో పోగైనవి. శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికి వచ్చినవాళ్ళ గదులు అక్కడ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ఒక గదిలో పోపు పెడితే నాలుగు గదులు దగ్గేవి. తడిసిన జనపనార వాసన, బొగ్గు వాసన, గోడమీద ఆరబెట్టిన ఎండుచేపల వాసన, వీటన్నిటి మీదుగా మా నాయనమ్మ చుట్ట వాసన. ఆవిడది అడ్డపొగ. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని, పెదవులు కదలకుండా కోడలిని తిట్టగలిగేది. ఆ విద్య మళ్ళీ నేనెక్కడా చూడలేదు. పొద్దున్నే చేపల బజారుకి ఆవిడే వెళ్ళేది. బెంగాలీ ముక్క రాదని, వాళ్ళ భాష మనకెందుకని లైనంతా వినేలా చెప్పేది. ఆ ముక్క రాకుండానే బెంగాలీ చేపలవాళ్ళని నోరెత్తనివ్వకుండా బేరం గెలిచి, సంచి నింపుకుని వచ్చేది. అదెలా సాధ్యమని మాలో ఎవరికీ అనుమానం రాలేదు. చేపలు వండుకుని తిన్నాం.

ఇక్కడ మా చుట్టరికం కాస్త చెప్పాలి. నాయనమ్మ పెద్ద కూతురి కూతురు మా అమ్మ గౌరమ్మ. నాయనమ్మ చిన్న కొడుకు మా నాన్న. అంటే అమ్మ తన మేనమామనే చేసుకుంది. చేసుకుంది అనడం మర్యాదకి. నాయనమ్మ చేసింది. మా లైనులో అది విశేషం కాదు, చేసుకోకపోతే విశేషం. దీనివల్ల నాయనమ్మ మా అమ్మకి అమ్మమ్మా అయింది, అత్తా అయింది. మామూలు రోజుల్లో "అమ్మమ్మా" అని పిలిచేది, పోట్లాట ఉన్న రోజుల్లో "అత్తా" అనేది. బడినుంచి వస్తూ గుమ్మంలో ఆ పిలుపు వింటే చాలు, ఆ పూట నేను ఇంట్లో ఉండాలో వీధిలో ఉండాలో తేలిపోయేది.

అప్పన్న మా ముగ్గురిలో ఆఖరివాడు. నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం. బడికి వెళ్ళాల్సిన వయసొచ్చేసరికి వాడి దగ్గర గుప్పెడు మాటలు ఉండేవి, వాటితోనే సంసారం లాగేవాడు. ఓడ కూత వేస్తే తిరిగి కూత వేసేవాడు. గుమ్మం ముందు విప్పిన చెప్పులు వాడికి ఊరికే చూడబుద్ధయ్యేది కాదు. ఎవరివి ఎవరివో గుర్తుపట్టి, జతలు కూర్చి, వరసగా పెట్టాకే లోపలికి వచ్చేవాడు. మా లైనులో ఎవరి చెప్పులూ పోయేవి కావు. ఈ సేవకి వాడికి ఎవరూ థాంక్స్ చెప్పిన గుర్తు లేదు. ఎందుకిలా పుట్టాడని మాత్రం అందరూ అడిగారు.

నాయనమ్మ దగ్గర జవాబు మొదటినుంచీ సిద్ధంగా ఉంది. వాడు కడుపులో ఉండగా పెద్ద సూర్యగ్రహణం పట్టింది. ఆ రోజు కలకత్తా వీధులన్నీ ఖాళీ అయిపోయాయి, ట్రాములు తమకోసం తాము తిరిగాయి. అమ్మని గదిలో పెట్టి, కిటికీకి గోనెసంచి కట్టి, కదలొద్దని చెప్పి నాయనమ్మ గుమ్మంలో కాపలా కూర్చుంది. అయినా అమ్మ ఆ చీకట్లో కత్తిపీట ముందేసుకుని ఎండుచేప కోసిందని ఆవిడ అభియోగం. "నాను పట్టనేదు," అనేది అమ్మ. "మరి గుంటడు ఇలగెందుకు పుట్టీసినాడే?" అనేది నాయనమ్మ. కోర్టుల్లో ముందు నేరం ఉందని తేల్చి తర్వాత శిక్ష వేస్తారంటారు. మా ఇంట్లో ఆ క్రమం పాటించే తీరిక ఉండేది కాదు.

పార్టీ ఆఫీసులో స్వపన్‌దా అని ఒకాయన ఉండేవాడు, ఎర్రజెండా కింద కూర్చుని లైను వ్యవహారాలన్నీ చూసేవాడు. ఆయన గ్రహణం మాట విని బాధపడ్డాడు. "కుసంస్కార్, బౌదీ, అంతా కుసంస్కార్," అన్నాడు. అంటే, వదినా, ఇదంతా మూఢనమ్మకం అని. అసలు కారణం దోపిడీ వ్యవస్థ అని, కడుపుతో ఉన్న కూలీల ఆడవాళ్ళకి తిండి చాలదని, దానివల్లే పిల్లలు ఇలా పుడతారని గంటసేపు వివరించాడు. న్యాయంగానే ఉంది. కానీ లేస్తూ లేస్తూ, "అయినా మీరు రోజూ ఒక గుడ్డు తినాల్సింది," అని అమ్మ వైపు చూసి వెళ్ళాడు. మా బడి పెద్ద దీదీమొణికి, అంటే పెద్ద టీచరమ్మకి, వ్యవస్థతో పేచీ లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ, ఇన్ని భాషలు ఒకేసారి పడితే పసి మెదడు తికమకపడుతుందని, తల్లి ఇంట్లో తెలుగు మానేయాల్సిందని ఆవిడ తేల్చింది. మరి నాకెందుకు తికమక రాలేదని అడిగాను. వచ్చే ఉంటుంది, పరీక్షల్లో చూద్దాం అంది.

తర్వాత కాలేజీ లైబ్రరీలో నాకొక లావుపాటి పాత పుస్తకం దొరికింది. ఇలాంటి పిల్లల్ని అందులో మూడు రకాలుగా విడదీసి, ఈ రోజు ఎవరినైనా అంటే చెంప పగిలే పేర్లు శాస్త్రీయంగా పెట్టారు. కారణాలూ ఉన్నాయి: తండ్రి తాగుడు, వంశంలో క్షయ, కడుపుతో ఉన్నప్పుడు తల్లి దేన్నో చూసి జడుసుకోవడం, తల్లి నడవడిక, నాసిరకం రక్తం. అట్టమీద బంగారు అక్షరాలు ఉన్నాయి గనక అది విజ్ఞానం. రాసినాయన మా నాయనమ్మని ఎన్నడూ కలిసి ఉండడు. చదివితే మాత్రం ఇద్దరూ ఒకే అరుగుమీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ మాట్లాడుకున్నట్టే ఉంది. ఎవరికి వాళ్ళు తమ జేబులో ఉన్న కారణమే తీసి ఇచ్చారు. మా వైపు ట్రాములన్నీ తిరిగి తిరిగి ధర్మతలాలో ఆగినట్టు, ఈ కారణాలన్నీ ఎటునుంచి బయల్దేరినా చివరికి మా అమ్మ దగ్గర ఆగేవి.

అమ్మ వీటన్నిటినీ తట్టుకుంది. పోట్లాడింది, గిన్నెలు గట్టిగా పెట్టింది, అంతే. అసలు గొడవ నాయనమ్మ వైద్యం మొదలుపెడతానన్నప్పుడు వచ్చింది. శ్రీకాకుళం వైపు మా సొంత ఊళ్ళో గాలి తీసే గురువు ఒకడున్నాడు. ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి నుదుటా పొట్టమీదా వాతలు పెడితే లోపలున్నది బయటికి పోతుందట. అమ్మవారి ఘటాల పండగ కాగానే అప్పన్నని తీసుకెళ్తానని నాయనమ్మ ప్రకటించింది. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. లేవలేదు, తల కూడా తిప్పలేదు. "అత్తా. నా గుంటడి ఒంటికి ఇనుం తగిల్నాదా, ఆ గురువు ఏలు నానే నరికీసి నీ సేతిలో ఎడతాను. గ్రహనం రోజు పట్టనేదు గానీ, ఆ రోజు పడతాను కత్తిపీట."

నాన్న ఓడలో సరుకు మోసిన మనిషి, ఇంట్లో ఈ బరువు మోయలేకపోయాడు. మధ్యేమార్గంగా, పెద్దాసుపత్రి డాక్టరుకి చూపిద్దాం, ఆయనేమంటే అది, అన్నాడు. నాయనమ్మ ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. మా లైనులో ఒక ఆచారం ఉంది. పండగనాడు గంగనుంచి నీళ్ళ ఘటం నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు, రైలు పట్టాల పక్కనున్న అమ్మవారి గుడి గడప దగ్గర ఆగాలి. లైను పెద్ద అడుగుతాడు. తప్పేదైనా ఉంటే అందరి ముందూ చెప్పుకుని, అప్పుడు గడప దాటాలి. "డాకటేరు నీ తప్పు కాదంతే సరే," అంది నాయనమ్మ. "నేదా, గడపకాడ తప్పు సెప్పుకో. గుంటణ్ని నాను ఊరట్టుకెల్తాను." లైను మొత్తానికి ఈ సంగతి తెలిసింది. మా గదుల మధ్య గోడల మందం అలాంటిది.

ఆసుపత్రికి నలుగురం వెళ్ళాం. అమ్మ, అప్పన్న, నాయనమ్మ, బెంగాలీ చదువుకుంటున్నాను గనక నాయనమ్మకి అర్థం చెప్పడానికి నేను. నాన్నకి డ్యూటీ ఉంది. ఇలాంటి రోజుల్లో నాన్నకి ఎప్పుడూ డ్యూటీ ఉండేది. నాయనమ్మ గోడవారగా బల్లమీద కూర్చుని, వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుంది. డాక్టరు పెద్దమనిషి, మంచి మనిషే. పిల్లాణ్ని తట్టి చూశాడు, కళ్ళలోకి దీపం వేశాడు, మీ ఆయన మీకు పెళ్ళికి ముందే బంధువా అని అడిగాడు. అమ్మ చెప్పింది. "మామా-భాగ్నీ?" అన్నాడు. మేనమామా మేనకోడలూ. అవునంది. ఆయన కలానికి మూత పెట్టేశాడు. అప్పన్న పుట్టినప్పుడు అమ్మ రెండు రోజులు నొప్పులు పడింది. వాడు పుట్టీ పుట్టగానే ఏడవలేదు. తర్వాత పసుపు పూసినట్టు పచ్చబడ్డాడు. ఆయన వాటిలో ఒక్కటీ అడగలేదు. కారణం దొరికాక ఇంకా వెతకడం ఎవరికైనా అనవసరమే కదా. ఈ దక్షిణాది పెళ్ళిళ్ళే దీనికి మూలం, ఈ పెళ్ళి ఎవరు చేశారో ఈ పని వాళ్ళదే, అని బెంగాలీలో స్పష్టంగా చెప్పాడు.

అమ్మకి గెలుపంటే అది. గ్రహణం పోయింది, కత్తిపీట పోయింది, నేరం మొత్తం ఎగిరి గోడవారగా బల్లమీద వాలింది. "ఏటంతన్నాడే?" అంది నాయనమ్మ నాతో. నేను నోరు తెరిచేలోపు అమ్మ నా భుజం పట్టుకుంది.

"తెల్దన్నాడని సెప్పు."

నేను అమ్మ మొహం చూశాను.

"సెప్పే."

"ఎందుకిలగైనాడో తెల్దంతన్నాడు నాయనమ్మా," అన్నాను. "ఎవలి తప్పూ కాదంట. ఒల్లు కాలిస్తే మాత్రం ఉన్న మాటలు కూడా పోతాయంట."

ఆఖరి వాక్యం నా సొంతం. అనువాదం చేసేవాళ్ళకి ఆ మాత్రం చొరవ ఉండాలి.

నాయనమ్మ చుట్ట తీసి కొంగులో కట్టుకుంది. "తెల్నోడికి అంత పెద్ద కుర్సీ ఏటి?" అని మాత్రం అంది, లేస్తూ. "అంత సదివినోడికే తెల్నప్పుడు మీ గురువుకేటి తెలుస్తాది?" అంది అమ్మ. ట్రాములో ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చున్నారు. అప్పన్న మధ్యలో కూర్చుని, కండక్టరు గంట కొట్టినప్పుడల్లా జవాబిచ్చాడు.

కుళాయి దగ్గర బిందె నిండుతుంటే అడిగాను, అబద్ధం ఎందుకు చెప్పించావని. అమ్మ మామూలుగా నాకు కారణాలు చెప్పే మనిషి కాదు. ఆ రోజు చెప్పింది. "డాకటేరు మాట సెప్తే నా మీదది పోద్ది, అమ్మమ్మ మీద పడతాది. ఎవలో ఒక ఆడదాని మీద పడకపోతే ఈలకి నిద్దరట్టదేటి?" బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. "ఆ డాకటేరు కాడ నెగ్గినా నాకు ఓటమే."

పండగనాడు అమ్మ ఘటం ఎత్తింది. నెత్తిమీద ఘటం, ఒక చేత్తో అప్పన్న చెయ్యి. డప్పులు ముందు, మేం వెనక. గుడి దగ్గర అందరూ చెప్పులు విప్పారు. అప్పన్న అమ్మ చెయ్యి వదిలించుకుని ఆ గుట్టలో కూర్చున్నాడు, వాడికది జీవితంలో అతిపెద్ద పని. లైను పెద్ద లచ్చయ్య తాత గడప పక్కన నిలబడి ఉన్నాడు. డప్పులు ఆగాయి.

"గౌరమ్మా. దింపుకో," అన్నాడు.

"నా కాడ దింపడానికి గటం ఒక్కటే ఉన్నాది మావా."

"గుంటడి ఇసయం అడుగుతన్నాను."

"అప్పన్నేటి తప్పా? తప్పయితే సెప్తాను. గుంటణ్ని తప్పని ఎలగ సెప్తాను?"

ఆడవాళ్ళలో గుసగుస లేచింది. డాక్టరేమన్నాడో చెప్పమని ఎవరో అరిచారు. తెల్దన్నాడంట, అని ఇంకెవరో నవ్వారు. గడప దాటనివ్వొద్దు అన్న మాట కూడా వినిపించింది. తప్పు చెప్పకుండా గడప దాటినవాళ్ళు అంతవరకూ లేరు. అమ్మ మెడ నిటారుగా ఉంది, ఘటం ఉంది గనక వేరే దారి లేదు. కానీ ఘటం లేకపోయినా ఆ రోజు ఆ మెడ అలాగే ఉండేదని నా నమ్మకం.

అప్పుడు నాయనమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది. నోట్లోంచి చుట్ట తీసింది. దేవుడి ముందు కూడా ఆవిడ వెలుగుతున్న చుట్ట తీయడం మేం చూడలేదు.

"లచ్చయ్యా. డాకటేరేటన్నాడో నాను సెప్తాను. మామా-భాగ్నీ బియే అన్నాడు. ఈ పెల్లి ఎవలు సేసినారో ఈ పని ఆలదే అన్నాడు. నానిన్నాను. నా సెవులు బాగానే ఉన్నాయి." బెంగాలీ ముక్కలు ఆవిడ నోట చేపల బజారు యాసలో, తప్పు లేకుండా వచ్చాయి. "ఆ పెల్లి సేసింది నాను. తప్పు కావాలేటి నీకు? నన్నడుగు. అడిగితే నిన్నూ అడుగుతాను. నీ పెల్లాం నీకేటవుద్ది? మీ అక్క కూతురు కాదేటి? ఇక్కడ నిల్సున్నోలు ఎంతమంది మేనరికాలు కారో సెయ్యెత్తమను. అందరం కలిసి సెప్పుకుందాం తప్పు."

చెయ్యెవరూ ఎత్తలేదు. లచ్చయ్య తాత అమ్మవారి వైపు చూశాడు. అక్కణ్నుంచి సాయం రాలేదు.

"అడగవా?" అంది నాయనమ్మ. "అయితే గుంటకి దారియ్యి. గటం బరువుగా ఉంటాది."

ఆయన పక్కకి జరిగాడు. అమ్మ గడప మీద కాలు పెట్టి, వెనక్కి తిరక్కుండానే, "పద అమ్మమ్మా," అంది.

ఆ తర్వాత వాతల మాట ఎవరూ ఎత్తలేదు. నాయనమ్మ మారిపోయిందని చెప్పలేను. పోయేదాకా ప్రతి గ్రహణానికీ కిటికీకి గోనె కట్టింది, లైనులో కడుపుతో ఉన్నవాళ్ళందరినీ తిట్టి లోపలికి తోలింది. బెంగాలీ మాత్రం మళ్ళీ మా ముందు రానట్టే ఉండిపోయింది. అమ్మ ఇంకో కష్టం కూడా తగ్గించుకుంది. తర్వాత ఎవరు కారణం అడిగినా "తెల్దు" అనేది. అంతే, ఒక్క మాట, వినయం లేకుండా. అడిగినవాళ్ళు కాసేపు నిలబడేవారు. తెల్దు అన్న మాటతో ఏం చేయాలో తెలియక వెళ్ళిపోయేవారు. చదువు రాకపోవడం వల్ల అలా అంటోందని పాపం అనుకునేవారు.

ఇప్పుడు అమ్మా లేదు, నాయనమ్మా లేదు. అప్పన్న నా దగ్గరే ఉంటాడు, జుట్టు నెరిసింది, మా ఫ్లాట్ల మెట్లమీద చెప్పులన్నీ వాడి అధీనంలో ఉన్నాయి. సుమిత కోసం వాడి రక్తం కూడా పరీక్షకి కావాలన్నారు, ఇచ్చాం. డాక్టరమ్మ కుర్రది, మా సుమితకంటే కాస్త పెద్దది. ఆవిడ నన్ను చాలా అడిగింది. నొప్పులు ఎంతసేపు, బిడ్డ ఎప్పుడు ఏడ్చాడు, ఒళ్ళు పచ్చబడిందా. అప్పటి పెద్దాయన అడగనివన్నీ ఇన్నేళ్ళకి ఒకరు అడుగుతుంటే, అమ్మకి వినిపిస్తుందేమోనని నేను గట్టిగా జవాబిచ్చాను. ఫలితాలు వచ్చాక ఆవిడ కూర్చోబెట్టి చెప్పింది. దగ్గరి బంధువుల పెళ్ళిలో కొన్ని జబ్బుల ప్రమాదం కొంత పెరిగేమాట నిజమే, అది తెలుసుకుని చేసుకోవాలి. కానీ ఈయన రక్తంలో అలాంటిదేమీ కనబడలేదు. పుట్టినప్పుడే ఏదైనా జరిగి ఉండొచ్చు, ఇప్పుడు తేల్చలేం. చాలామంది పిల్లల్లో కారణం దొరకదు. "నిజం చెప్పాలంటే, మాకు తెలియదు," అంది.

ఇంకోసారి చెప్పమన్నాను. ఆవిడ ఓపికగా ఇంకోసారి చెప్పింది.

"నవ్వుతావేంటత్తా?" అంది సుమిత.

"ఏం లేదు. మా అమ్మ, అదే మీ నాయనమ్మ, ఈ మాట ఎప్పుడో చెప్పింది."

బయటికి వచ్చేసరికి డాక్టరమ్మ గది ముందున్న చెప్పులన్నీ అప్పన్న వరస పెట్టాడు. బల్లమీద ఒక బెంగాలీ అమ్మాయి, ఒళ్ళో మెడ నిలవని బాబు. పక్కన అత్తగారు, మొహం చూస్తే కేసు అప్పటికే విచారించి ముగించినట్టుంది. ఆ పెద్దావిడ అప్పన్నని పైనుంచి కిందకి చూసి, ఈయన ఇలా ఎందుకయ్యాడు, వాళ్ళమ్మ ఏం చేసింది, అని నన్నడిగింది. అమ్మాయి తల వంచుకుంది.

"లోపల డాక్టరమ్మ చెప్పింది," అన్నాను బెంగాలీలో, బల్ల చివరిదాకా వినబడేలా. "తెలియదట. వాళ్ళమ్మ ఏమీ చేయలేదట. అమ్మలని ఈ ప్రశ్న అడిగేవాళ్ళని ముందు లోపలికి పంపమంది, వాళ్ళని విడిగా చూస్తుందట."

ఆఖరి వాక్యం ఈసారి కూడా నా సొంతమే.